మా చెరువు సరఫరా కాలువ: తెరిచిన మీటర్లు, ఆగిన చోట్లు

తిరుపతి జిల్లాలో చంద్రగిరికీ పాకాలకూ మధ్య ఉన్న మా ఊరి చెరువుకు నీళ్ళు తెచ్చే సరఫరా కాలువను తిరిగి పారించే పని ఇది. వానలు బాగా పడిన ఏళ్ళలో కూడా చెరువు సగానికి మించి నిండకపోవడంతో మొదలుపెట్టాం. ఇలాంటి చెరువులు, ఇలాంటి కాలువలు మా చుట్టుపక్కల చాలా ఊళ్ళలో ఉన్నాయి. ఈ పని తలపెట్టేవాళ్ళు మా కొలతలు వాడుకోవాలని, మాకు డబ్బు వృథా అయిన చోట వాళ్ళకు కాకూడదని రాస్తున్నాను.

మొదలుపెట్టే నాటి లెక్కలు:

- నీళ్ళు నిలిచే విస్తీర్ణం 18 ఎకరాలు, సగటు లోతు 1.2 మీటర్లు
- నిండితే పట్టే నీళ్ళు సుమారు 87,000 ఘనపు మీటర్లు, అంటే దాదాపు 30 లక్షల ఘనపుటడుగులు
- ఆయకట్టు 34 ఎకరాలు
- కాలువ పొడవు వంక (వాగు) నుంచి చెరువు దాకా 940 మీటర్లు
- వంక నీళ్ళు చివరిదాకా పారుతున్న పొడవు: సున్నా

దశ 1 (ఫిబ్రవరి): అడ్డంకుల పట్టిక

ముందు గ్రామ పటం, కాలువ వెళ్ళే సర్వే నంబర్ల ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం) నకళ్ళు తీసుకున్నాం. ఇవి లేకుండా పార పట్టకండి. కాలువ పోరంబోకు ఎంత వెడల్పో కాగితం మీద కనిపిస్తేనే పొలం గట్టు మీద మాట నిలుస్తుంది. మా కాలువకు కాగితం మీద 4 మీటర్ల వెడల్పు ఉంది. నేల మీద ఎక్కువ చోట్ల మీటరు కూడా లేదు.

1. వంక దగ్గర కాలువ మొదలయ్యే చోటును సున్నాగా పెట్టుకున్నాం.
2. అక్కడి నుంచి ప్రతి 20 మీటర్లకు ఒక కొయ్య గుంజ పాతి, రంగుతో దూరం రాశాం.
3. ప్రతి గుంజ దగ్గరా ఇప్పటి వెడల్పు, లోతు, పటంలోని వెడల్పు రాసుకున్నాం.
4. పట్టికలో చివరి గడిలో ఒక ప్రశ్న పెట్టాం: ఇక్కడ కాలువ మూసుకుపోవడం వల్ల ఎవరికి ఏం కలిసివస్తోంది?

ఈ డైరీ నుంచి ఒక్కటే తీసుకుంటే ఆ నాలుగో గడిని తీసుకోండి. దాన్ని నింపాక తేలిన జాబితా ఇది:

- 0 దగ్గర: వంకలో ఇసుక తీసి తీసి అడుగు దిగిపోయింది. కాలువ నోరు ఇప్పుడు వంక అడుగు కంటే 35 సెం.మీ. ఎత్తులో ఉంది. కలిసివచ్చింది ఇళ్ళు కట్టుకున్నవాళ్ళందరికీ, అంటే మాకే.
- 240 నుంచి 420: సర్కారు కంప. పదకొండు ఇళ్ళకు వంటచెరకు.
- 420: రోడ్డు కింద సిమెంటు గొట్టం. రోడ్డు ఎక్కేవాళ్ళకు లాభం.
- 510 నుంచి 580: తోతాపురి మామిడితోట. కాలువను దున్ని చదును చేశారు. ఒక రైతుకు రెండు వరసల చెట్లు.
- 700 నుంచి 760: ఇళ్ళ మురుగు, కోడిమాంసం దుకాణాల చెత్త. వీధిలో మురుగు నిలవకుండా పోతోంది.
- 860 నుంచి 940: చెరువు నోట్లో పేరుకున్న ఒండ్రు మేట. సొంత భూమి లేని రెండు కుటుంబాలు అందులో రాగి, పశువుల మేత పండించుకుంటున్నాయి.

కాలువ తనంతట తాను పూడిపోయిన చోటు ఒక్కటీ లేదు. మూసుకుపోయిన ప్రతి చోటా ఎవరో ఒకరి బతుకు దాని మీద నిలబడి ఉంది. వాళ్ళకు బదులు చూపకుండా తవ్వితే మరుసటి ఏడు మళ్ళీ మూసుకుపోతుందని అప్పుడే తెలిసింది.

ఇంకొక చిక్కు: కాలువ మొదటి 400 మీటర్లు పక్క పంచాయతీలో ఉంది. ఇలాంటి సరిహద్దు చిక్కు ఈనాటిది కాదు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఆ చెరువు కట్టించి వేయించాడు. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను అందులో చెక్కారు. కట్ట నుంచి నీళ్ళు ఊరడం, చౌడు నేల వంటి దోషాల పక్కనే చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటాన్ని కూడా దోషంగా లెక్కించారు. ఇంజనీరింగు లోపంతో సమానంగా మనుషుల మధ్య గీతను కూడా రాతి మీద రాశారంటే, వాళ్ళు ఎన్ని చెరువుల తగాదాలు చూసి ఉంటారో! మేము రెండు గ్రామసభల్లోనూ తీర్మానాలు చేయించాం. పక్క ఊరివాళ్ళు పెట్టిన షరతు న్యాయమైనదే: వంకలో అడ్డుకట్ట పూర్తిగా కట్టకూడదు, కింద వాళ్ళ పశువుల మడుగుకు నీళ్ళు వదలాలి.

ఇప్పటికి మొత్తం: తెరిచిన కాలువ 0 మీ. ఖర్చు రూ. 1,460 (నకళ్ళు, గుంజలు, రంగు, నీళ్ళ పైపు).

దశ 2 (మార్చి): ముందు మరవ, తర్వాతే కాలువ

కాలువ తెరిస్తే చెరువుకు ఎన్నడూ రానంత నీళ్ళు వస్తాయి. అలవాటు తప్పిన కట్ట వాటిని మోయగలదా అన్నది ముందు తేల్చుకోవాలి. 2021 నవంబరు వానలకు రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకు లీకు పడి, దిగువ ఊళ్ళను ఖాళీ చేయించిన రోజులు ఈ జిల్లాలో ఎవరూ మరచిపోలేదు. మా గ్రామసభలో మొదటి ప్రశ్న కూడా దాని గురించే వచ్చింది.

చెరువు నిండాక మిగులు నీళ్ళు పోయే మరవ పొడవు 12 మీటర్లు. దాని అంచుకూ కట్ట పైభాగానికీ మధ్య చాలా చోట్ల 1.2 మీటర్లు ఉంది. ట్రాక్టర్లు ఎక్కే ఒక చోట మాత్రం 70 సెం.మీ.కు అరిగిపోయింది. నీళ్ళు పొంగితే కట్ట తెగేది అక్కడే. ఎర్రమన్ను పొరలు పొరలుగా, ఒక్కో పొర 15 సెం.మీ. మించకుండా వేసి, తడిపి, దిమ్మిస కొట్టి ఎత్తు సరిచేశాం. మరవలో కదిలిన రాళ్ళను మేస్త్రీ తిరిగి పేర్చి సున్నం, సిమెంటు పూశాడు.

మరవ మీద ఇసుక బస్తాలు పేర్చి నాలుగు అంగుళాల నీళ్ళు ఎక్కువ నిలుపుకొనే అలవాటు మా ఆయకట్టు రైతులకు ఉంది. ఆ నాలుగు అంగుళాలు కట్ట భద్రతలోంచి తీసుకున్నవే. అంచు మీద ఎర్ర గీత గీయించి, దాని పైన ఏం పెట్టినా ఎవరైనా తీసివేయవచ్చని తీర్మానంలో రాయించాం.

ఇప్పటికి మొత్తం: తెరిచిన కాలువ 0 మీ. ఖర్చు రూ. 39,860.

దశ 3 (మార్చి నుంచి జూన్): సర్కారు కంప

డబ్బు ఎక్కువ వృథా అయింది ఈ దశలోనే. సున్నా నుంచి 240 దాకా ఉపాధి హామీ కింద మనుషులే పూడిక తీశారు. ఆ కూలి నేరుగా వాళ్ళ ఖాతాల్లో పడుతుంది కాబట్టి మా లెక్కలో లేదు. ఉపాధి హామీ పనిలో యంత్రం వాడకూడదు. అందువల్ల జేసీబీ దిగే భాగాన్ని మొదటి నుంచే వేరు పనిగా విడదీసి పెట్టుకోండి. ఒకే భాగంలో రెండూ కలిస్తే కూలీల బిల్లు ఆగిపోతుంది.

240 దాటాక కంప. ఇది ఈ నేల చెట్టు కాదు, మధ్య, దక్షిణ అమెరికాల నుంచి వచ్చింది. 1870ల్లో వంటచెరకు కోసమే అటవీ అధికారులు కడప ప్రాంతంలో నాటించారు. ఏ అవసరానికి తెచ్చారో ఆ అవసరం ఇప్పటికీ తీరుస్తూనే ఉంది. కొట్టడానికి వెళ్ళిన రోజు ఒక పెద్దమ్మ వచ్చి నిలబడింది. "కొట్టుకోండి నాయనా, వద్దనను. రేపటి నుంచి పొయ్యిలో ఏం పెట్టాలో అది కూడా చెప్పి కొట్టండి" అంది. గ్యాసు సిలిండరు ఆ ఇళ్ళన్నిటిలో ఉంది. నింపించడానికి డబ్బు ఉన్న నెలల్లోనే అది వెలుగుతుంది.

కుదిరిన ఒప్పందం:

1. కాలువలో కొట్టిన కంప అంతా ఆ పదకొండు ఇళ్ళకే. బయట అమ్మకం లేదు.
2. చెరువు వెనుక ఎకరంన్నర కంపను ముట్టుకోం. కొమ్మలు వంతుల ప్రకారం వాళ్ళే కొట్టుకుంటారు.
3. కాలువ గట్టు వెంట కానుగ, వేప మొక్కలు. ఎండు కొమ్మల హక్కు కూడా వాళ్ళదే.

మార్చిలో గొడ్డళ్ళతో నేల మట్టానికి నరికించాం. రూ. 6,200 అయింది. జూన్ మొదటి వానకు ఒక్కో మోడు నుంచి పది పన్నెండు పిలకలు లేచి నడుము ఎత్తుకు వచ్చాయి. ముందు కంటే చిక్కగా అల్లుకున్నాయి. కంప మొగ్గ కట్టేది నేలకు కొంచెం కింద ఉండే కాండం గడ్డలో. అది మిగిలితే చెట్టు మిగిలినట్టే. నేల మట్టానికి నరికించడమంటే కత్తిరించి పెంచడమే.

తర్వాత మార్చిన పద్ధతి:

1. జేసీబీ తొట్టి పళ్ళను మొదలుకు ఒక అడుగు పక్కన దింపి, కనీసం 30 సెం.మీ. లోతు నుంచి గడ్డతో సహా పెకలించడం.
2. గడ్డను తలకిందులుగా ఎండలో పడేయడం.
3. గుంతను అదే రోజు పూడ్చి దిమ్మిస కొట్టడం. లేకపోతే ఆ గుంతల గుండా నీళ్ళు గట్టు లోపలికి దిగుతాయి.
4. ఏటా వానల తర్వాత కాలువ వెంట నడిచి, జానెడు ఎత్తు మొలకలను తడి నేలలోనే చేత్తో పీకడం. కాయలు తిన్న పశువుల పేడలోంచి గింజలు మొలుస్తూనే ఉంటాయి. అందుకని ఇది ఎప్పటికీ పూర్తయ్యే పని కాదు.

జేసీబీ 11 గంటలు, గంటకు రూ. 1,300. మొదటే ఇలా చేసి ఉంటే నరికిన కూలి మిగిలేది.

260 దగ్గర గొర్రెలు, మేకలు రోజూ దాటుతాయి. గట్టు ఏటా అక్కడే కూలుతుంది. ఏటవాలుగా కోసి పాత ఇంటి బండలు పరిచాం. ఇప్పుడు మందలు బండల మీదుగా దిగి ఎక్కుతున్నాయి. బండలు దానంగా వచ్చాయి.

ఇప్పటికి మొత్తం: తెరిచిన కాలువ 420 మీ. ఖర్చు రూ. 60,360.

దశ 4 (జూన్, జులై): వాలు

జూన్ చివర ఒక గట్టి వానకు వంక కదిలింది. కాలువలోకి వచ్చిన కాసిని నీళ్ళు 420 దాకా వచ్చి ఆగిపోయాయి. గొట్టంలో అడ్డమేమీ లేదు. నీళ్ళు దాని ముందు చేరి నిలబడ్డాయి. వాలు కొలవకుండా ఇంకొక మీటరు తవ్వకూడదని పని ఆపేశాం.

సర్వే పరికరం అద్దెకు తెచ్చే స్తోమత లేనివాళ్ళకు మేస్త్రీలు వాడే నీళ్ళ పైపు చాలు. కాకపోతే ఓపిక కావాలి.

1. తెల్లటి పారదర్శక పైపు 25 మీటర్లు. రెండు చివర్లకూ సెంటీమీటర్లు గీసిన కర్రలు కట్టాలి.
2. నీళ్ళు నిదానంగా నింపాలి. పైపులో ఒక్క బుడగ ఉన్నా లెక్క తప్పు. నీళ్ళలో కొంచెం నీలిమందు కలిపితే మట్టం స్పష్టంగా కనిపిస్తుంది.
3. రెండు కర్రలూ పక్కపక్కన పెట్టి మట్టం ఒకటేనా అని ప్రతి పది కొలతలకు ఒకసారి చూసుకోవాలి.
4. గుంజ నుంచి గుంజకు తేడా రాస్తూ చెరువు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి కొలుస్తూ రావాలి. రెండు మొత్తాలూ 3 సెం.మీ. లోపు కలవాలి.

మొదట రెండు మొత్తాల మధ్య 11 సెం.మీ. తేడా వచ్చింది. మధ్యాహ్నం కొలిచినప్పుడు పైపులో సగం ఎండలో, సగం చెట్ల నీడలో ఉంది. ఎండకు వేడెక్కిన నీళ్ళు తేలికై ఆ వైపు మట్టం కొంచెం పైకి జరుగుతుంది. తెల్లవారుజామున, ఎండ రాకముందు తిరిగి కొలిస్తే తేడా 2 సెం.మీ.కు దిగింది.

ఫలితం: 940 మీటర్లకు మొత్తం దిగుడు 1.18 మీటర్లు. అంటే దాదాపు 800 మీటర్లకు ఒక మీటరు, 20 మీటర్లకు రెండున్నర సెంటీమీటర్లు. ఇంత తక్కువ వాలులో కంటి అంచనా పనికిరాదు. రోడ్డు కింది గొట్టం అడుగు, ఆ చోట కాలువ అడుగు ఉండవలసిన మట్టం కంటే 22 సెం.మీ. ఎత్తులో ఉంది.

ఆ 22 సెం.మీ.ను వాలుతో లెక్కిస్తే ఒక సంగతి బయటపడింది. ఈ వాలులో 22 సెం.మీ. ఎత్తు అడ్డం ఉంటే నీళ్ళు 176 మీటర్ల వెనక్కి నిలుస్తాయి. 420 నుంచి 176 తీసేస్తే 244. మా కంప 240 దగ్గర మొదలవుతుంది! ఎత్తుగా వేసిన గొట్టం నీళ్ళను ఆపింది, ఆగిన నీళ్ళలో ఒండ్రు దిగింది, తడి ఒండ్రులో కంప లేచింది. ఊరంతా కాలువకు శత్రువు కంప అనుకుంటూ ఉంది. మొదలు రోడ్డు వేసిన రోజున పడింది. గొట్టం అలాగే ఉంచి కంపను ఎన్నిసార్లు పెకలించినా మళ్ళీ అక్కడే వచ్చేది. అందుకని మీరు దశ 4ను దశ 3 కంటే ముందు చేయండి.

రోడ్డు ఎవరిదో ఆ కార్యాలయం అనుమతికి సమయం పట్టింది. కొలతల పట్టిక, నీళ్ళు నిలిచిన ఫోటోలు, రెండు తీర్మానాలు కలిపి ఇచ్చాక సరేనన్నారు, ఖర్చు మమ్మల్నే పెట్టుకోమన్నారు. పాత గొట్టం తీసి, 600 మి.మీ. గొట్టాలు రెండు సరైన మట్టంలో వేయించాం. రూ. 41,500.

వంక దగ్గర రాతి అడ్డుకట్ట: పొడవు 9 మీటర్లు, ఎత్తు 45 సెం.మీ. పక్క ఊరి షరతు ప్రకారం మధ్యలో 60 సెం.మీ. వెడల్పు ఖాళీ వదిలాం. సన్నటి ధార మొత్తం వాళ్ళ మడుగుకే పోతుంది, వంక పొంగితేనే మా కాలువ అందుకుంటుంది. చిన్న నీటిపారుదల శాఖ ఇంజనీరు వచ్చి గీసిన పటం ప్రకారమే కట్టాం. రూ. 18,700. వంకలో ఇసుక తీయకూడదని రెండు ఊళ్ళూ ఒప్పుకున్నాయి. అడ్డుకట్టకు పైన ఇసుక మళ్ళీ చేరితే వంక అడుగు లేస్తుంది.

మామిడితోట 70 మీటర్ల సంగతి గొడవ లేకుండా తెమిలింది. ఆ రైతు అడిగింది ఒక్కటే: "నా ట్రాక్టరు దాటే దారి చూపించు అన్నా, కాలువ నీ ఇష్టం." రెండు బండలతో దాటు వేశాం. ఒక వరస చెట్లు ఆయనే తీసేసుకున్నాడు, రెండో వరస గట్టు మీదికి వచ్చేలా కాలువను 40 సెం.మీ. జరిపాం. పోరంబోకు హద్దు లోపలే ఉంది.

ఇప్పటికి మొత్తం: తెరిచిన కాలువ 580 మీ. ఖర్చు రూ. 1,20,560.

దశ 5 (జులై, ఆగస్టు): పూడిక

చెరువు పని అంటే అందరికీ పూడిక తీయడమే గుర్తొస్తుంది. తీయడానికి ముందు చేసినవి:

1. నాలుగు చోట్ల మన్ను తీసి గాజు సీసాల్లో మూడింట ఒక వంతు నింపి, నీళ్ళు పోసి, గట్టిగా ఊపి ఒక రోజు కదపకుండా ఉంచాం. కింద ఇసుక, మధ్య ఒండ్రు, పైన జిగురు మన్ను పొరలుగా దిగుతాయి. చెరువు నోటి దగ్గరి మన్నులో సగానికి పైగా ఇసుకే. పొలానికి పనికొచ్చేది చెరువు మధ్యలోని మన్ను.
2. తూము అడుగు మట్టాన్ని గుంజల మీద గుర్తు పెట్టాం. దానికి కింద తవ్విన చోట నిలిచే నీళ్ళు తూముకు అందవు.
3. కట్ట పాదం నుంచి 15 మీటర్ల లోపల తవ్వకం నిషేధం.

540 ట్రాక్టర్ల మన్ను లేచింది. జేసీబీ 30 గంటలకు రూ. 39,000. ట్రాక్టరుకు రూ. 70 చొప్పున తీసుకెళ్ళిన రైతులు ఇచ్చింది రూ. 37,800. తేడా రూ. 1,200 మా ఖర్చులో పడింది. ఎర్ర ఇసుక నేలల్లో వేరుశనగ వేసేవాళ్ళు ఎకరాకు 30 నుంచి 40 ట్రాక్టర్లు తోలుకున్నారు. నాకు బాధ కలిగించిన విషయం ఒకటుంది. ఊరుమ్మడి చెరువు మన్ను పొలమూ ట్రాక్టరు కిరాయికి డబ్బూ ఉన్నవాళ్ళ ఇంటికే వెళ్ళింది. భూమి లేనివాళ్ళకు ఆ 540లో ఒక్క ట్రాక్టరు కూడా లేదు. ఇటుక బట్టీకి అమ్మి అందరికీ పంచుదామన్న మాట వచ్చింది కానీ, పొలానికి వెళ్ళవలసిన మన్నును కాల్చడానికి గ్రామసభ ఒప్పుకోలేదు. అది సరైన నిర్ణయమే. అందుకు బదులు చేపల వేలం డబ్బులో భూమి లేని ఇళ్ళకు వాటా అడిగాం. అది దశ 7లో వస్తుంది.

నోటి దగ్గరి ఒండ్రు మేటలో సాగు చేసుకుంటున్న రెండు కుటుంబాలకు ఖరీఫు రాగి పోతుంది. ఈ పనిలో నికరంగా నష్టపోయింది వాళ్ళే, దాన్ని ఎవరూ దాచకూడదు. సంక్రాంతి తర్వాత నీళ్ళు వెనక్కి తగ్గే కొద్దీ బయటపడే తడి నేలలో గట్లు వేయకుండా మేత, కూరగాయలు పెట్టుకునే హక్కు వాళ్ళకే ఉండాలని రాసుకున్నాం.

580 నుంచి 700, 760 నుంచి 860 భాగాలు ఉపాధి హామీలో పూర్తయ్యాయి.

ఇప్పటికి మొత్తం: తెరిచిన కాలువ 880 మీ. ఖర్చు రూ. 1,21,760.

దశ 6 (అక్టోబరు, నవంబరు): నీళ్ళు, లీకులు

మా ప్రాంతంలో చెరువులు నిండేది ఎక్కువగా ఈశాన్య రుతుపవనాల వానలకే. వాన కొలవడానికి 10 సెం.మీ. వ్యాసం ఉన్న గరాటును సీసాకు బిగించాం. ఆ గరాటుకు 7.85 మిల్లీలీటర్లు పడితే ఒక మిల్లీమీటరు వాన. ఒక్క మిల్లీమీటరు అంటే ఎకరాకు 4,047 లీటర్లు.

అక్టోబరు మూడో వారంలో ఒక రాత్రి 46 మి.మీ. పడింది. 700 నుంచి 760 మధ్య చెత్తను ముందు రోజే చేత్తో తీసి పెట్టడంతో, తెల్లవారేసరికి నీళ్ళు చెరువు నోట్లోకి దిగుతున్నాయి. కట్ట మీద చేరిన ఊరివాళ్ళ సంతోషం గురించి రాయను, కొలత రాస్తాను.

కొలిచే తీరు: తిన్నగా ఉన్న 10 మీటర్ల కాలువలో కమలాపండు వదిలి సెకన్లు లెక్కించాలి. కమలాపండు దాదాపు మునిగి తేలుతుంది కాబట్టి గాలి దాన్ని నెట్టదు. వెడల్పును లోతుతో, వేగంతో హెచ్చించి, చివర 0.85తో హెచ్చించాలి. పైన పారే నీళ్ళ కంటే అడుగు నీళ్ళు నిదానం, అందుకే ఆ తగ్గింపు.

- మొదట్లో, 20 మీ. దగ్గర: వెడల్పు 1.5 మీ., లోతు 0.35 మీ., 19 సెకన్లు. సెకనుకు 235 లీటర్లు.
- చివర్లో, 900 మీ. దగ్గర: వెడల్పు 1.5 మీ., లోతు 0.30 మీ., 23 సెకన్లు. సెకనుకు 166 లీటర్లు.

దారిలో పోతున్నది సెకనుకు 69 లీటర్లు, గంటకు దాదాపు 2,48,000 లీటర్లు. కొత్తగా తవ్విన నేల కొంత తాగుతుంది, కానీ ఇంత తాగదు. ప్రతి 100 మీటర్లకు కొలుస్తూ వచ్చాం. 640 దాకా పెద్ద తేడా లేదు. 640, 670 మధ్య ఒక్కసారిగా పడిపోయింది. అక్కడ కాలువ పల్లం అంచున పోసిన గట్టు మీద వెళ్తుంది. గట్టు లోపల ఎండ్రకాయల బొరియలు, ఎలుకల కలుగులు. ఆ నీళ్ళు గట్టు అవతల వేరుశనగ చేలోకి ఊరుతున్నాయి. ఆ రైతు ఓర్పుగలవాడు. చేను కుళ్ళకుండా వెంటనే వంక దగ్గర కాలువను రాళ్ళతో మూసేశాం.

మొదటి మరమ్మతుగా బొరియల నోళ్ళలో సిమెంటు కలిపిన ఇసుక కూరాం. వారం తిరక్కుండా సిమెంటు ముద్ద చుట్టూ మన్ను కరిగి పక్కన కొత్త దారి పడింది. గట్టి వస్తువూ మెత్తటి మన్నూ అతకవు. దాన్ని తీసేసి ఇలా మార్చాం:

1. 630 నుంచి 680 దాకా లోపలి వైపు గట్టును 40 సెం.మీ. మందాన కోసేశాం.
2. చెరువు మధ్య నుంచి తెచ్చిన జిగురు మన్ను 14 ట్రాక్టర్లు. నీళ్ళు చల్లి, ఒక రాత్రి నాననిచ్చి, కాళ్ళతో తొక్కించి ముద్ద చేశాం.
3. పొరకు 10 సెం.మీ. చొప్పున అడుగుకూ పక్కకూ పరచి దిమ్మిస కొట్టాం.
4. ఎండకు పగుళ్ళివ్వకుండా పైన తడి గడ్డి కప్పాం.

నవంబరులో వాయుగుండం వానకు తిరిగి తెరిచి కొలిస్తే మొదట్లో 210, చివర్లో 188 లీటర్లు. నష్టం 29 శాతం నుంచి 10 శాతానికి దిగింది. మన్ను కాలువకు ఇది చాలు. మొత్తానికి సిమెంటు వేయమని సలహాలు వచ్చాయి. కాలువ అడుగున కొంత ఇంకితేనే పక్క బావులకు ఊట వస్తుంది కనుక వద్దన్నాం.

ఇక్కడే పూడిక లెక్క కూడా తేలింది. 540 ట్రాక్టర్లు అంటే, ట్రాక్టరుకు 2.8 చొప్పున, 1,512 ఘనపు మీటర్ల చోటు. చెరువు సామర్థ్యంలో రెండు శాతం కూడా లేదు. కాలువ రెండున్నర గంటలు పారితే ఆ చోటు నిండుతుంది. అదే ప్రవాహం ఆరు రోజులు ఆగకుండా వస్తే ఖాళీ చెరువు మొత్తం నిండుతుంది. చేతిలో ఒక్క పనికే డబ్బు ఉంటే పూడిక వదిలి కాలువ చూడండి.

బావుల మట్టం, నేల నుంచి నీళ్ళ దాకా:

- ఆయకట్టు బావి: మే నెలలో 14.2 మీ., డిసెంబరులో 6.8 మీ.
- రోడ్డు అవతల, చెరువుతో సంబంధం లేని బావి: మే నెలలో 13.6 మీ., డిసెంబరులో 10.1 మీ.

రెండో బావి కొలవకపోతే మొదటి బావిలో పెరిగిన 7.4 మీటర్లూ చెరువు పుణ్యమే అనుకునేవాళ్ళం. అందులో దాదాపు మూడున్నర వాన తెచ్చింది. చెరువు వల్ల వచ్చిందని చెప్పగలిగేది 3.9 మీటర్లు.

ఇప్పటికి మొత్తం: పారుతున్న కాలువ 940 మీ. ఖర్చు రూ. 1,34,360. వసూలు: ఆయకట్టు ఎకరాకు రూ. 2,000 చొప్పున 68,000, తిరుపతి, బెంగళూరుల్లో ఉంటున్న ఊరివాళ్ళ నుంచి 50,000. లోటు రూ. 16,360.

దశ 7 (డిసెంబరు): ఎవరు చూసుకోవాలి

ఈ సీమలో చెరువు కట్టించినవారికో బాగుచేయించినవారికో దాని కింద భూమిలో కొంత ఇచ్చి, ఆ రాబడితో చెరువును కాపాడమనే దశబంధం పద్ధతి ఉండేది. 15, 16 శతాబ్దాల తిరుమల శాసనాల్లో దాతలు ఇచ్చిన ధనంతో ఆలయ గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్వించి, పెరిగిన పంటతో స్వామివారి నైవేద్యాలు జరిపిన వివరాలు కనిపిస్తాయి. అంటే కొండ మీది ప్రసాదానికి కింద పల్లెలోని కాలువ పారాలి. ఊరంతా కలిసి కాలువలు బాగుచేసే కుడిమరామత్తు ఆచారం సడలిపోతుంటే, మద్రాసు ప్రభుత్వం 1858లో చట్టం చేసి బలవంతంగా నిలపాలని చూసింది, నిలవలేదు. 1997లో రాష్ట్రం నీటి వినియోగదారుల సంఘాల చట్టం తెచ్చింది. కాగితం మీద మాకూ సంఘం ఉంది. వాన రాత్రి గొడుగు వేసుకొని కాలువ వెంట నడిచే మనిషి మాత్రం లేడు.

అందుకని నీరుగట్టిని పెట్టుకున్నాం. పంటకు ఎకరాకు రూ. 400, అంటే 34 ఎకరాలకు రూ. 13,600. పని: తూము ఎత్తడం, దించడం, వానలో కాలువ చూడటం, వారానికొకసారి రెండు బావులు కొలవడం. ఇదివరకు ఈ పని ఒక కులానికి కట్టిపడేసి, గింజలు విదిల్చినట్టు జీతం ఇచ్చేవాళ్ళు. అది తిరిగి రాకూడదు. ఎవరైనా దరఖాస్తు చేసుకోవచ్చు, జీతం ఖాతాలోనే పడాలి.

చెరువు ఎంత నిండిందో చూసి, ఈ ఏడు 12 ఎకరాల్లో వరి, 22 ఎకరాల్లో వేరుశనగ, ఆరుతడి పంటలని నిర్ణయించాం. తూము దగ్గరివాళ్ళకే వరి వస్తే చివరివాళ్ళు ఊరుకోరు. అందువల్ల ప్రతి రైతుకూ తన భూమిలో మూడింట ఒక వంతుకు కొంచెం మించి వరి. ఇది సభలో రెండు రాత్రులు నడిచిన వాదన. తవ్వకం కంటే ఇదే కష్టం.

చేపల పాట పాడుకున్నతనికి నీళ్ళు నిలవాలి, రైతుకు పారాలి. తూము రాతి మీద 60 సెం.మీ. దగ్గర గీత చెక్కించాం. నీళ్ళు ఆ గీతకు దిగాక తూము ఎత్తకూడదు. పశువులకు, పక్షులకు కూడా ఆ నీళ్ళే ఎండాకాలం దాకా ఉండాలి. పాట డబ్బులో మూడో వంతు భూమి లేని ఇళ్ళకు, అందులో ఒండ్రు మేట పోగొట్టుకున్న రెండు కుటుంబాలకు రెట్టింపు వాటా. మిగిలిన దానిలోంచి లోటు తీరుస్తాం.

మిగిలిన పని

1. 700 నుంచి 760: మురుగు ఇంకా కాలువలోకే వస్తోంది. ఇళ్ళవైపు 3 మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు, మీటరు లోతు గుంట తవ్వి, మడ్డి అక్కడ దిగాక నీళ్ళను పక్క కొబ్బరి తోటకు మళ్ళించాలి. తోట రైతు ఒప్పుకున్నాడు. కోడిమాంసం దుకాణాల వాళ్ళతో మాట ఇంకా కుదరలేదు. వాళ్ళకు చెత్త వేసే చోటు పంచాయతీ చూపాలి.
2. తూము తలుపు అడుగున ఊట ఉంది. ఎండాకాలంలో చెరువు గీతకు దిగాక మార్చాలి.
3. గట్టు మీది కానుగ, వేప మొక్కల్లో బతికినవి లెక్కించి, పోయిన చోట నాటాలి.
4. ఏటా ఆశ్వయుజం రాకముందే ఆయకట్టులో ఇంటికొకరు చొప్పున కాలువ శుభ్రం చేయాలి. రానివారు ఆ రోజు కూలి నీరుగట్టి ఖాతాలో కట్టాలి.

మురుగు గుంట ఖర్చు అంచనా రూ. 9,500. అది పూర్తయ్యాక 700 దగ్గరా 760 దగ్గరా నీళ్ళు సీసాల్లో పట్టి, మడ్డి ఎంత తగ్గిందో కొలిచి తర్వాతి దశలో రాస్తాను.